పాట అయిపోయేలోపు

మా ఇంట్లో మామూలు సినిమాలకు టికెట్లు అల్లుడు కొంటాడు. ఆటల సినిమా వచ్చిందంటే మాత్రం నేనే కొంటాను. విశాఖ గోపాలపట్నం చుట్టుపక్కల బడుల్లో ముప్పై ఒక్క ఏళ్లు డ్రిల్లు మాస్టారుగా పనిచేసినవాణ్ణి కాబట్టి ఆ హక్కు నాదేనని ఇంట్లో అందరూ ఒప్పేసుకున్నారు. 2022 జనవరి ఆఖర్లో 'గుడ్ లక్ సఖి' విడుదలైనప్పుడూ అంతే. కరోనా మూడో విడత భయం ఇంకా పూర్తిగా పోలేదు. మూతులకు మాస్కులు కట్టుకుని నేను, మా ఆవిడ, కూతురు, అల్లుడు, తొమ్మిదేళ్ల మనవరాలు ఆటో ఎక్కి ఎన్ఏడీ కొత్తరోడ్డు దాటి హాలుకి వెళ్లాం.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో మనవరాలు నా ఒళ్లో కూర్చుని అడిగింది: "తాతా, సఖి ఎన్ని రోజులు నేర్చుకుంది?"

సినిమా మొత్తం మనసులో మళ్లీ తిప్పి చూసుకున్నాను. జవాబు దొరకలేదు. అందులో ఆ లెక్క లేదు. ఒక నెలా, ఒక ఏడాదా, మూడేళ్లా ఎక్కడా తెలియదు. ఒక చోట ఆ అమ్మాయికి తుపాకి పట్టుకోవడం రాదు. ఇంకో చోట పెద్ద పోటీలో నిలబడి ఉంది. మధ్యలో జరిగిందేదో తీసినవాళ్లకు అక్కర్లేకపోయింది. నా ముప్పై ఒక్క ఏళ్ల ఉద్యోగం ఆ మధ్యలోనే గడిచింది. అందుకే ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఆ రోజు నేను ఆశ పెట్టుకుని వెళ్లడానికి కారణం దర్శకుడు నగేశ్ కుకునూర్. హైదరాబాద్ కుర్రాడు, ఇంజినీరింగ్ చదివి అమెరికాలో ఉద్యోగం చేసి, ఆ సంపాదన పెట్టి 1998లో 'హైదరాబాద్ బ్లూస్' తీసినవాడు. 2005లో ఆయన హిందీలో తీసిన 'ఇక్బాల్' నేను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. వినపడని, మాట రాని పల్లెటూరి కుర్రాడు ఫాస్ట్ బౌలర్ కావాలనుకుంటాడు. తండ్రి ఒప్పుకోడు. చెల్లెలు వెనకేసుకొస్తుంది. తాగుడికి పడిపోయిన పాత ఆటగాడొకడు గురువవుతాడు. చివర్లో కుర్రాడు గెలుస్తాడు. చూడబోతే ఇదీ అందరూ తీసే కథే. కానీ ఆ గురువు ఫీల్డింగ్ ఎలా పెట్టాలో నేర్పడానికి పొలంలో గేదెల్నే ఫీల్డర్లుగా నిలబెట్టుకుంటాడు చూడండి, అక్కడ నేను లేచి కూర్చున్నాను. జీతం చాలని బడిలో, సామాను లేని మైదానంలో, మేం చేసే పని సరిగ్గా అదే. నసీరుద్దీన్ షా ఆ వేషంలో ఉన్నాడన్న సంగతి కూడా మర్చిపోయాను. ఎవరో మా సాటి మాస్టారే తెరమీద కనిపించాడు.

అలాంటి మనిషి తెలుగులో ఆటల సినిమా తీస్తున్నాడన్నారు. 'మహానటి'కి జాతీయ అవార్డు తెచ్చుకున్న కీర్తి సురేశ్ కథానాయిక, కోచ్‌గా జగపతిబాబు, స్నేహితుడిగా ఆది పినిశెట్టి. ఇంతకన్నా ఏం కావాలి? కథ కూడా మొదట్లో ఊరించింది. ఊరంతా 'బ్యాడ్ లక్' అని పేరు పెట్టి తప్పుకుపోయే పిల్ల. గోళీలాటలో ఆమె గురి తప్పదు. షూటర్లను తయారుచేద్దామని ఊరికి వచ్చిన కల్నల్ దగ్గరికి చిన్ననాటి స్నేహితుడు ఆమెను తీసుకెళ్తాడు. అక్కణ్ణుంచి ఏ మలుపు ఎప్పుడొస్తుందో నా మనవరాలు కూడా ముందే చెప్పేసింది. ఒకడు అసూయ పడతాడు, మనసుల మధ్య ఒక అపార్థం వస్తుంది, పిల్ల కుంగిపోతుంది, మళ్లీ లేస్తుంది, కొడుతుంది. కీర్తి సురేశ్ కష్టపడలేదని అనను. ఆమెకి పట్టుకోవడానికి ఏమీ ఇవ్వలేదు.

గోళీ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మా చిన్నప్పుడు రైల్వే పట్టాల పక్కన ఖాళీ జాగాలో గోళీలు ఆడేవాళ్లం. ఎడం చేతి నడిమి వేలికి గోళీ ఆనించి, కుడి చేత్తో దాన్ని విల్లులా వెనక్కి లాగి వదుల్తాం. వేలు వదిలిన క్షణంలోనే బలం, ఎత్తు, దూరం అన్నీ నిర్ణయమైపోతాయి. అదంతా కదలికలో ఉన్న గురి. తుపాకి దగ్గర లెక్క పూర్తిగా వేరు. అక్కడ కదలకపోవడమే విద్య. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో పదికి పది ఇచ్చే చుక్క అడ్డకొలత అర మిల్లీమీటరు. దానిమీద కొట్టే గుండు నాలుగున్నర మిల్లీమీటర్లు. అంటే గుండు కన్నా గురి చిన్నది. అలాంటివి అరవై కొట్టాలి, నిలబడి, ఊపిరి సగం వదిలి ఆపి, గుండె కొట్టుకునే రెండు దెబ్బల మధ్య ఖాళీలో. గోళీల పిల్లకి నిజంగా గురి ఉంటే ఉండొచ్చు. అయితే ఆమె మొదట నేర్చుకోవాల్సింది ఆ కదలికను మానుకోవడం. వచ్చిన విద్యే అడ్డం పడుతుంది. ఎంత మంచి కథ ఉంది అందులో! దాన్ని పక్కనబెట్టి అసూయాపరుడి కథ చెప్పారు.

ఒకసారి ఎన్‌సీసీ క్యాంపుకి మా బడి పిల్లల్ని తీసుకెళ్లాను. అక్కడ ఒక హవల్దార్ పాయింట్ టూటూ రైఫిల్ పట్టించి, ఆడపిల్లల్ని తార్పాలిన్ మీద బోర్లా పడుకోబెట్టాడు. గుండు లేదు. గొట్టం చివర మీద రూపాయి బిళ్ల పెట్టాడు. ట్రిగ్గర్ నొక్కాలి, బిళ్ల పడకూడదు. అంతే పాఠం. మొదటి రోజు పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా బిళ్లలు తార్పాలిన్ మీద పడుతున్న చప్పుడే. ఒక పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన ఏమీ అనలేదు, వంగి బిళ్ల తీసి మళ్లీ పెట్టాడు. మూడో రోజు సాయంత్రం ఆ పిల్ల నొక్కింది, ఖాళీ తుపాకి 'టక్' మంది, బిళ్ల అలాగే ఉంది. ఆ పిల్ల లేవలేదు. తల తిప్పకుండా కళ్లు మాత్రం పక్కకు తిప్పి నన్ను చూసింది. నేను చప్పట్లు కొడితే బిళ్ల పడిపోతుందేమోనని కొట్టలేదు. కల్నల్ సఖి తుపాకి మీద ఒక రూపాయి బిళ్ల పెట్టి ఉంటే, ఐదు నిమిషాలు కెమెరాను అక్కడే ఉంచి ఉంటే, హాల్లో పిల్లలందరూ ఊపిరి బిగబట్టేవాళ్లు. దానికి పెద్ద సెట్టు కూడా అక్కర్లేదు.

మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఆ పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలోనే 600కి 595 కొట్టాడు. ఫైనల్‌కి వెళ్లిన ఆఖరి మనిషి స్కోరూ అదే. సమానమైనప్పుడు చివరి వరస షాట్ల లెక్క చూస్తారు. ఆ లెక్కలో ఇతను బయట ఉండిపోయాడు. నాలుగేళ్ల తరవాత లండన్‌లో కాంస్యం తెచ్చాడు. ఆ నాలుగేళ్లను ఊహించుకోండి. అక్కడ ప్రతినాయకుడు ఎవరు? ఎవరూ లేరు. అర మిల్లీమీటరు చుక్క ఉంది, ఒక మనిషి ఉన్నాడు.

నేను ఒక్క సినిమా మీద కక్ష కట్టి రాస్తున్నానని అనుకోవద్దు. 2021 మార్చి నుంచి 2022 ఏప్రిల్ దాకా పదమూడు నెలల్లో తెలుగులో హాకీకి 'ఏ1 ఎక్స్‌ప్రెస్', కబడ్డీకి 'సీటీమార్', విలువిద్యకి 'లక్ష్య', షూటింగ్‌కి 'సఖి', బాక్సింగ్‌కి 'గని' వచ్చాయి. ఐదు ఆటలు, ఐదుగురు దర్శకులు. అన్నిటికీ టికెట్లు నేనే కొన్నాను. ఆట మారింది గానీ కథ నడక మారలేదు. పడ్డవాడు లేస్తాడు, లేచే ముందు ఒక పాట వస్తుంది. తెల్లారుజామున పరుగు, టైర్లు లాగడం, చెమట, పొద్దు పొడుపు, గురువుగారి చిన్న చిరునవ్వు. పాట అయిపోయేలోపు మనిషి తయారైపోతాడు.

ఆ పాట నా పొట్ట కొట్టిందని చెబితే అతిశయోక్తి అనుకోకండి. ఒక ఏడాది జోనల్ పోటీలకు ఏడో తరగతి పిల్లని హర్డిల్స్‌కి సిద్ధం చేస్తున్నాను. పొడుగైన పిల్ల, కాళ్లలో స్ప్రింగు ఉంది. మూడు వారాలయ్యాక పోటీకి వెళ్లాం. ఐదోదిగా వచ్చింది. మర్నాటి నుంచి మైదానానికి రాలేదు. నేను వాళ్లింటికి వెళ్తే తల్లి గుమ్మంలోనే నిలబడి, "మేష్టారూ, మా గుంట ఆ సినిమాలో లాగే పొద్దున్నే లెగిసి పరిగెత్తింది. పాలు, గుడ్లు కూడా పెట్టినాను. ఏటీ రానేదు కదా, మరింక ఎందుకండీ?" అంది. ఆమె ఎగతాళిగా అనలేదు. చాలా మర్యాదగా, నిజంగా అడిగింది. గుడ్లకి డబ్బులు ఎక్కణ్ణుంచి వచ్చాయో నాకు తెలుసు. "మూడు వారాలంటే ఇంకా మొదలే పెట్టలేదమ్మా" అని నేను అన్నాను. ఆమె ముఖంలో కనిపించింది నమ్మకం కాదు, అలసట. ఆ పిల్ల మళ్లీ రాలేదు.

ఆ పిల్ల మూడు వారాల్లో ఏం చేసిందో చెబుతాను. పెద్దవాళ్ల వంద మీటర్ల హర్డిల్స్‌లో ఆడవాళ్లకి పది అడ్డంకులు. మొదటిదానికి 13 మీటర్లు, ఒక్కో రెంటికీ మధ్య 8.5 మీటర్లు, ఆఖరిది దాటాక గీత దాకా 10.5. ఎత్తు 83.8 సెంటీమీటర్లు. ఆ ఎనిమిదిన్నర మీటర్లలో మూడే అడుగులు పడాలి. నాలుగు పడితే అడ్డంకి దగ్గరికి కాలు మారిపోతుంది. ఎప్పుడూ ముందు లేచే కుడికాలు బదులు ఎడంకాలు లేవాలి, మనిషి తడబడుతుంది. ఐదు పడితే కాలు మారదు గానీ వేగం చచ్చిపోతుంది. మా దగ్గర హర్డిల్స్ ఎక్కడివి? ఇటుకలు పేర్చి వాటిమీద వెదురు కర్రలు పెట్టేవాణ్ణి. చిన్నపిల్లలు కాబట్టి దూరం తగ్గించి, అడుగు పడాల్సిన చోట సున్నంతో గుండ్రాలు గీసేవాణ్ణి. మూడు వారాల్లో ఆ పిల్ల ఐదు అడుగుల్నించి నాలుగుకి వచ్చింది. మూడో గుండ్రం మీద పాదం పడ్డ రోజు ఒక్కటే ఒక్కటి, అదీ రెండుసార్లు. పాదం అంచుకి అంటిన సున్నం నాకు చూపించింది. ఐదోదిగా రావడం ఓటమి కాదు. అది నాలుగో అడుగు. ఈ ముక్క ఆ తల్లికి నేను చెప్పగలిగి ఉండాల్సింది. ఏ సినిమా అయినా నాకు ముందే చెప్పిపెట్టి ఉండాల్సింది.

పోనీ, ఈ పద్ధతిలోనే తీసి మెప్పించినవాళ్లు లేరా అంటే ఉన్నారు. 1991లో రామోజీరావు నిర్మించిన 'అశ్విని'లో పరుగుల రాణి అశ్విని నాచప్ప తన పాత్ర తనే వేసింది. ఆమె పరిగెడుతుంటే కెమెరాకి అబద్ధం చెప్పే అవసరం రాలేదు. 2017లో సుధ కొంగర 'గురు' కథని మన విశాఖలోనే నడిపింది. రితికా సింగ్ స్వతహాగా ఫైటర్ కాబట్టి దెబ్బకి ముందు భుజం ఎలా దిగాలో ఆమె ఒంటికే తెలుసు. ఆ సినిమా చూసి బయటికొచ్చిన జనంలో ఎంతమందికి విశాఖ అమ్మాయి నగిశెట్టి ఉష 2008లో ప్రపంచ బాక్సింగ్‌లో రజతం తెచ్చిందని తెలుసో మరి. క్రికెట్ సినిమా 'జెర్సీ'లో ముప్పై ఆరేళ్ల అర్జున్ జట్టుకి ఎంపికయ్యాక రైల్వే స్టేషన్‌కి పోయి, రైలు చప్పుడులో ఎవరికీ వినపడకుండా అరుస్తాడు. గెలుపు కాదది, ఆ జట్టు తరఫున ఇంకా ఏ మ్యాచూ ఆడలేదు. అయినా హాల్లో నా పక్క సీటు ఆయన కళ్లు తుడుచుకున్నాడు. సింహాచలం స్టేషన్ దగ్గర పుట్టి పెరిగినవాణ్ణి, గూడ్సు బండి పోతున్నప్పుడు మనిషి ఎంత గట్టిగా అరిచినా తనకే వినపడదని నాకు తెలుసు. సూత్రం ఉండటం తప్పు కాదు. కోలాటానికీ ఒక సూత్రం ఉంది. కర్రలు తగిలే చప్పుడు నిజంగా వినపడాలి, అంతే.

ఏటా ఆషాఢ పౌర్ణమికి గిరి ప్రదక్షిణ మా వీధుల మీదుగానే వెళ్తుంది. సింహాచలం తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరితే ముప్పై రెండు కిలోమీటర్లు. హనుమంతవాక, సముద్రం ఒడ్డు, ఊరు అంతా చుట్టి, ఎన్ఏడీ దాటి గోపాలపట్నం చేరేసరికి చాలా భాగం అయిపోతుంది, కానీ కొండ ఇంకా కొంచెం దూరం ఉంటుంది. అర్ధరాత్రి దాటాక మేం మజ్జిగ పంచుతుంటాం. మొదట్లో గోవింద నామాలు చెబుతూ వచ్చినవాళ్లకి ఇక్కడికి వచ్చేసరికి మాటలుండవు. చెప్పుల్లేని కాళ్లు తారు గరుకుని తప్పించుకోవడానికి రోడ్డు అంచున తెల్లగీత మీదే నడుస్తాయి, అది కాస్త నున్నగా ఉంటుందని. వేలమంది, ఒక్క గీత మీద, ఒకరి వెనక ఒకరు. ఎవరూ ఎవర్నీ ఓడించడం లేదు. ఆటల సినిమా తీసేవాళ్లు ఒక్క రాత్రి మా మజ్జిగ కుండ పక్కన నిలబడి ఆ పాదాలు చూస్తే బావుణ్ణు.

నాకు కావాల్సిన సినిమా కథ మా ఊళ్లోనే ఉంది. సెక్యూరిటీ గార్డు కూతురు, విశాఖ పోర్ట్ హైస్కూల్లో చదివిన అమ్మాయి, జ్యోతి యర్రాజి. వంద మీటర్ల హర్డిల్స్‌లో జాతీయ రికార్డు 2002 నుంచి అనురాధా బిస్వాల్ పేరు మీద 13.38 సెకన్లుగా ఉండిపోయింది. 2020లో మూడబిద్రిలో యూనివర్సిటీల పోటీల్లో జ్యోతి 13.03లో పరిగెత్తింది. డోప్ పరీక్ష జరగలేదని, ఫెడరేషన్ ప్రతినిధి లేరని దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. 2022 ఏప్రిల్‌లో కోళికోడ్‌లో 13.09. ఈసారి అన్నీ ఉన్నాయి, గాలి అడ్డం పడింది. వెనకనుంచి వీచే గాలి సెకనుకి 2 మీటర్లు దాటకూడదు. ఆ రోజు 2.1 ఉంది. మళ్లీ లెక్కలోకి రాలేదు. తరవాతి నెల, మే 10న, సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23. రికార్డు ఆమెదైంది.

అంకెలు ఇంకోసారి చూడండి. లెక్కకు రాని రెండు పరుగులూ లెక్కకు వచ్చిన పరుగు కన్నా వేగమైనవి. ఏ రచయిత ఇలా రాస్తాడు? అదే ఏడాది అక్టోబర్‌లో బెంగళూరులో 12.82కి వచ్చేసింది. 2023లో ఆసియా ఛాంపియన్ అయింది. ఆ ఏడాదే అక్టోబర్‌లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో చైనా అమ్మాయి ముందే కదిలితే ఈమెను కూడా తప్పుపట్టారు. అంత పెద్ద మైదానంలో నిలబడి తన మాట తను చెప్పుకుంది, పరిగెత్తనిచ్చారు, చివరికి రజతం ఇచ్చారు. పారిస్ ఒలింపిక్స్‌లో ఆ పోటీకి మన దేశం నుంచి వెళ్లిన మొదటి అమ్మాయి తనే. హీట్స్‌లో 13.16, రెండో అవకాశంలో 13.17, ఇంటికి వచ్చేసింది. మళ్లీ 2025లో ఆసియా స్వర్ణం, 12.96. ఇందులో ఎక్కడ పాట పెడతారు?

శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరిదీ అంతే. 2000 సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ 130, మొత్తం 240 కిలోలు. మొదటి రెండు స్థానాలవాళ్లు 242.5. ఆఖరి ప్రయత్నానికి 137.5 వేయించారు. అది లేచుంటే స్వర్ణం. లేవలేదు. మన ఆడవాళ్లకి ఒలింపిక్స్‌లో వచ్చిన మొట్టమొదటి పతకం, ఒక బరువు కింద పడ్డాక వచ్చింది. 2020లో ఆమె పుట్టినరోజునాడు సినిమా ప్రకటించారు. ఆ 137.5ని ఎలా తీస్తారా అని ఆ రోజునుంచీ ఎదురు చూస్తున్నాను.

మనవరాలు ఇప్పుడు పెద్దదయింది, హైస్కూల్లో హర్డిల్స్ పరిగెడుతోంది. ఒక నోట్‌బుక్కులో తేదీ, సమయం, ఎన్ని అడుగులు అని మూడు గళ్లు గీసుకుని రాసుకుంటుంది. మొన్న ఆదివారం ఆ గళ్లు చూస్తూ జ్యోతి కోళికోడ్ పరుగు గురించి చెబుతుంటే, "తాతా, అది సినిమా తీస్తే ఎలా తీయాలి?" అంది.

చెప్పాను. ట్రాక్ పక్కన గీతకి యాభై మీటర్ల దూరంలో, నడుం కన్నా కాస్త ఎత్తున, చిన్న యంత్రం ఒకటి ఉంటుంది. గాలి కొలిచేది. హర్డిల్స్‌కి తుపాకి పేలిన దగ్గర్నుంచి సరిగ్గా పదమూడు సెకన్లు అది గాలిని లెక్కపెట్టి ఆగిపోతుంది. కెమెరా అమ్మాయి మీద వద్దు, దాని మీద పెట్టాలి. తుపాకి చప్పుడు వినపడాలి. ఎనిమిది మంది పాదాలు, పది అడ్డంకులు, చెక్కకి మోకాలు రాసుకున్న చప్పుడు, జనం అరుపు, అన్నీ వినపడాలి, కనపడకూడదు. అరుపు పెరుగుతుంది, ఆమె గీత దాటిందని మనకి తెలిసిపోతుంది. అప్పటికీ కెమెరా కదలకూడదు. అంకె వెలుగుతుంది: 2.1.